బొలీవియాలో ఆ ఇరవై శాతం మంది ఎటు పోయారు?

పదకొండేళ్ళ వ్యవధిలో ఒక దేశంలో మూలవాసుల వాటా 62 శాతం నుంచి 41 శాతానికి పడిపోయింది. ఆ మధ్యలో యుద్ధం జరగలేదు, కరువు ఊళ్ళను ఖాళీ చేయలేదు, మహమ్మారి రాలేదు. విచిత్రమేమంటే, దేశానికి మొట్టమొదటి మూలవాసి అధ్యక్షుడు వచ్చింది ఆ పదకొండేళ్ళలోనే. కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. దేశం పేరునే ‘బహుజాతుల రాజ్యం’ అని మార్చుకున్నారు. గళ్ళుగళ్ళుగా ఇంద్రధనుస్సు రంగులుండే మూలవాసుల జెండా ‘విఫాలా’ను జాతీయ చిహ్నాల్లో ఒకటిగా చేర్చారు. ‘నేను మూలవాసిని’ అని తలెత్తుకుని చెప్పుకోగలిగే రోజులు వచ్చాయనుకున్న సమయంలోనే అలా చెప్పుకునేవారు తగ్గిపోయారు.

ఆ దేశం బొలీవియా. దక్షిణ అమెరికా నడిమధ్యన, సముద్రతీరం లేని దేశం. 2001 సెప్టెంబరులో జరిగిన జనాభా లెక్కల్లో పదిహేనేళ్ళు దాటినవారిలో 62 శాతం ఏదో ఒక మూలవాసీ సమూహానికి చెందినవారమని చెప్పారు. వారిలో కెచువాలు 31 శాతం, అయ్‌మారాలు 25 శాతం, మిగిలిన కొద్దిమంది గువారానీ, చికితానో, మొహెన్యో తదితరులు. 2012 నవంబరులో మళ్ళీ లెక్కించారు. ఈసారి 41 శాతమే. వాటా తగ్గడం మాత్రమే కాదు, తలల లెక్కలోనూ తరుగుదల కనిపించింది. అప్పటికి దేశ జనాభా 83 లక్షల నుంచి కోటికి పెరిగింది. మూలవాసులమని చెప్పుకున్న పెద్దవాళ్ళు మాత్రం దాదాపు 31 లక్షల నుంచి 28 లక్షలకు దిగారు.

వలసపోయి ఉంటారని అనుకోవచ్చు. బొలీవియన్లు లక్షల సంఖ్యలో అర్జెంటీనాకు, స్పెయిన్‌కు వెళ్ళిన మాట నిజమే. 2007లో వీసా నిబంధన పెట్టేదాకా స్పెయిన్‌కు విమానాలు కిటకిటలాడాయి. అయితే వలస వెళ్ళినవారిలో అన్ని రకాల వారూ ఉన్నారు. ఆ వలస మొత్తాన్ని మూలవాసుల ఖాతాలోనే వేసినా ఇరవై శాతం లోటు పూడదు. జననాల లెక్కతోనూ, మరణాల లెక్కతోనూ తేలదు. వాళ్ళు ఎటూ పోలేదు, అవే ఇళ్ళలో ఉన్నారు. మారినది వాళ్ళిచ్చిన జవాబు.

ఇక్కడ ఒక సంగతి ముందుగా చెప్పుకోవాలి. కుల ధ్రువీకరణ పత్రం లాంటిది సగటు బొలీవియన్ దగ్గర ఉండదు. ఫలానావాడు అయ్‌మారా అని పుట్టుకతో నమోదు చేసే రిజిస్టరూ లేదు. లెక్కలకు వచ్చిన మనిషి అడుగుతాడు, ఇంట్లోవాళ్ళు చెప్తారు, అతను రాసుకుంటాడు. మనకు అలవాటైన పద్ధతిలో ఆలోచిస్తే, అసలైన సంఖ్య ఎక్కడో ఉందని, లెక్క తప్పిందని అనిపిస్తుంది. ఆ అసలు సంఖ్య అనేది ఎక్కడా లేదు. కాబట్టి జవాబును చూసేముందు ప్రశ్నను చూడాలి.

2001 ప్రశ్న సారాంశం ఇది: కింది మూలవాసీ ప్రజల్లో దేనికైనా చెందినవారిగా మిమ్మల్ని మీరు భావిస్తారా? కింద పేర్లు అచ్చువేసి ఉన్నాయి. కెచువా, అయ్‌మారా, గువారానీ, చికితానో, మొహెన్యో, ఇతరులు, ఏదీ కాదు. 2012 ప్రశ్న వేరు: బొలీవియా పౌరులుగా మీరు ఏదైనా ‘మూలవాసీ ఆదిమ రైతాంగ’ జాతికి గానీ ప్రజాసమూహానికి గానీ, లేదా ఆఫ్రో బొలీవియన్లకు గానీ చెందుతారా? ముందు అవును, కాదు అని చెప్పాలి. అవునంటే పేరు మీరే చెప్పాలి.

మొదటి ప్రశ్న తెరిచిన తలుపు లాంటిది. పేర్లు ఎదురుగా ఉన్నాయి, ‘భావిస్తారా’ అని మెత్తగా అడిగారు, కెచువా అనగానే ఒక గడిలో టిక్కు పడింది. రెండోది గుమ్మంలోనే నిలబెట్టి అడిగే ప్రశ్న. ‘చెందుతారా’ అన్నది సభ్యత్వానికి సంబంధించిన మాట. ఏ సంఘానికి, ఏ ఊరికి, ఏ భూమికి అన్న అనుబంధ ప్రశ్నలు దానివెంటే వస్తాయి. ఇరవై ఏళ్ళ కిందట పల్లె వదిలి లా పాజ్ నగరంలో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి తాను అయ్‌మారానని భావించవచ్చు. మరి ‘మూలవాసీ ఆదిమ రైతాంగ జాతి’కి చెందుతాడా? అతను రైతు కాడు కదా.

ఆ మూడు పదాల ముద్ద వెనుక పెద్ద కథే ఉంది. తూర్పు పల్లపు అడవుల్లోని ప్రజలు తమను ‘ఇందీహెనా’ అంటే మూలవాసులు అనుకుంటారు. పడమటి ఎత్తైన పీఠభూమిలో ‘అయ్‌యు’ అనే పాత ఉమ్మడి గ్రామ సంఘాలవారికి ఆ మాట నచ్చదు. వాళ్ళకు ‘ఒరిహినారియో’, అంటే మొదటినుంచీ ఈ నేల మీదివాళ్ళు, అన్న మాట కావాలి. రైతు సంఘాలూ, కోకా సాగుదారులూ ‘కాంపెసీనో’, అంటే రైతాంగం. 2009 రాజ్యాంగం రాసేటప్పుడు ముగ్గురూ పట్టు వదలలేదు. చివరికి కామాలు తీసేసి మూడింటినీ ఒకే పదంగా అతికించారు. రాజకీయంగా అది తెలివైన రాజీయే. అదే మాటను యథాతథంగా జనాభా లెక్కల పత్రంలోకి తెచ్చి, పట్నంలో బస్సు నడిపే మనిషి ముందు పెట్టినప్పుడే చిక్కు వచ్చింది.

అయినా తప్పంతా మాటల మీద వేయడం నాకు సబబుగా తోచదు. ప్రశ్నాపత్రం మారకపోయినా సంఖ్య కొంత తగ్గేదనే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ పత్రంలో లేని ఒక గడి ఉంది. అదే మెస్తీజో.

స్పానిష్ వలసదారులకూ మూలవాసులకూ పుట్టిన సంతతికి వచ్చిన పేరు మెస్తీజో. అభిప్రాయ సేకరణల్లో ఈ గడి ఇచ్చినప్పుడల్లా బొలీవియన్లలో సగానికి మించినవారు దాన్నే ఎంచుకున్నారు. ఇంకా ఆసక్తికరమైన సంగతేమంటే, అవే సర్వేల్లో 2001 నాటి ప్రశ్నను కూడా అడిగితే, సగానికి మించినవారే తాము కెచువాలమనో అయ్‌మారాలమనో చెప్పారు. ఒకే మనిషి ఒకే పూట రెండూ చెప్పాడన్నమాట. అతను అబద్ధమాడలేదు. అతని దృష్టిలో ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే మాటలు కావు. ‘ఈ గడా, ఆ గడా’ అన్న పోరు పత్రం తయారుచేసేవాళ్ళది.

2012కు ముందు మెస్తీజో గడి కోసం పెద్ద రగడే జరిగింది. ప్రతిపక్షాలు, పట్టణ మధ్యతరగతి అది కావాలన్నాయి. మెస్తీజో అన్నది ఒక జాతి కాదని, వలస పాలకులు పన్నుల కోసం కల్పించిన వర్గమని ప్రభుత్వ పక్షం వాదించింది. గడి పెడితే మూలవాసుల సంఖ్య కుంగుతుందన్న భయం ఒకవైపు, గడి లేకపోతే తాము ‘ఏదీ కాని’ వాళ్ళమవుతామన్న కినుక మరోవైపు. గడి పెట్టలేదు. సంఖ్య ఎలాగూ కుంగింది.

పన్నుల వర్గమన్న మాటలో మాత్రం నిజముంది. 1545లో పొటోసీ దగ్గర వెండికొండ బయటపడింది. 1570లలో వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె తొలెదో ‘మీతా’ అనే వెట్టిని కట్టుదిట్టం చేశాడు. పదహారు పరగణాల నుంచి పెద్ద మగవాళ్ళలో ఏడోవంతు మంది ఏటేటా గనికి రావాలి. గనికి తోడు ‘ఇండియన్’, అంటే మూలవాసి, అని పట్టీలోకి ఎక్కిన ప్రతి మగవాడూ తల పన్ను కట్టాలి. స్పెయిన్‌వాళ్ళకు ఆ పన్ను లేదు, మెస్తీజోలకూ లేదు. ఇక మనుషులు ఏం చేస్తారు? ఊరు వదిలి మరో ఊళ్ళో పరాయివాడిగా చేరారు. పట్నానికి వెళ్ళి బట్టలు మార్చారు, చేతిపని నేర్చుకున్నారు, రెండు స్పానిష్ ముక్కలు పలికారు. పిల్లలకు మెస్తీజో అని బాప్తిస్మం రాయించారు. ఒక తరం గడిచేసరికి పట్టీలో పేరు ఉండేది కాదు.

1730లో కోచబాంబాలో ఈ దాగుడుమూతలు రక్తపాతం దాకా వెళ్ళాయి. పన్ను పట్టీలు సరిచూడటానికి వచ్చిన అధికారి మెస్తీజోలను ఇండియన్ల కింద రాసేస్తాడన్న వార్త పొక్కింది. అలెహో కలతాయూద్ అనే వెండిపనివాడి నాయకత్వంలో పట్నం తిరగబడింది. కొద్ది వారాల్లోనే అతన్ని పట్టుకుని చంపారు. ఏ గడిలో రాస్తారన్నదాని మీద మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న నేల అది. స్వాతంత్ర్యం వచ్చిన 1825లో విమోచన నాయకుడు సిమోన్ బొలీవర్ తల పన్నును రద్దుచేస్తే, మరుసటి ఏడాదే ఖజానా నిండుకుని మళ్ళీ పెట్టారు. కొత్త గణతంత్రం తొలి దశాబ్దాలు నడిచింది చాలావరకు ఆ పన్ను మీదే. మూలవాసిగా నమోదైతే ఇచ్చుకోవలసిందే తప్ప పుచ్చుకునేదేమీ లేదన్న అనుభవం మూడు శతాబ్దాలది.

ఈ కోచబాంబా సంగతి 2012 లెక్కలకూ పనికొస్తుంది. రెండు లెక్కల మధ్య అయ్‌మారాల కంటే కెచువాలే ఎక్కువగా తగ్గారు. కోచబాంబా లోయలో కెచువా అందరి భాష. పొలంలోనూ, సంతలోనూ, పెళ్ళిలోనూ అదే. మెస్తీజోలు కూడా అమ్మ ఒడిలో నేర్చినది అదే. అంటే అక్కడ కెచువా అన్నది ముందు భాష, ఆ తర్వాతే ఒక ప్రజ. పత్రం మీద ‘కెచువా’ అన్న గడి కనిపిస్తే అవును మాదే అంటారు. మీరొక జాతికి చెందుతారా అని అడిగితే ఆగి ఆలోచిస్తారు. అయ్‌మారాల కథ వేరు. వాళ్ళకు 1781లో లా పాజ్‌ను నెలల తరబడి ముట్టడించిన తిరుగుబాటు నాయకుడు తుపాక్ కతారి ఉన్నాడు, 1970లలో అతని పేరు మీదే మొదలైన కతారిస్టు ఉద్యమం ఉంది. భాషకు మించిన జాతి భావన అక్కడ ఎప్పటినుంచో రాజుకుంటూనే ఉంది. కతారిని చంపేముందు ‘తిరిగి వస్తాను, లక్షలుగా వస్తాను’ అన్నాడని జనం చెప్పుకుంటారు. ఆ లక్షల లెక్క తీయబోతేనే ఇంత తంటా.

పాత జనాభా లెక్కలు చూస్తే ఈ వ్యవహారం మరింత తేటపడుతుంది. 1900 నాటి లెక్కల్లో మనిషిని చూసి, అతని జాతి ఏమిటో అధికారులే నిర్ణయించారు. సగం మంది ఇండియన్లని తేల్చి, 1878 నాటి కరువు, అంటువ్యాధులు వాళ్ళను తినేశాయని, కొద్దికాలంలోనే ఈ జాతి దాదాపు అంతరించిపోతుందని నివేదికలో జోస్యం కూడా చెప్పారు. ఆ జోస్యంలో విచారం కంటే నిశ్చింతే ఎక్కువగా వినిపిస్తుంది. యాభై ఏళ్ళ తర్వాత, 1950లో, అంతరించవలసినవాళ్ళు 63 శాతం ఉన్నారు.

తర్వాత 1952 విప్లవం. అందరికీ ఓటు వచ్చింది, మరుసటి ఏడాది ఉకురేన్యా గ్రామంలో భూసంస్కరణ శాసనం మీద సంతకం జరిగింది. ‘ఇండియో’ అన్న మాట తిట్టుగా మారిపోయింది కాబట్టి అధికార భాషలోంచి దాన్ని తీసేసి ‘కాంపెసీనో’ అన్నారు. సదుద్దేశమే. కానీ జాతి ప్రశ్న కూడా మాయమైంది. 1976లోనూ 1992లోనూ ఏ భాష మాట్లాడతారని అడిగి ఊరుకున్నారు. అంటే 2001లో 62 శాతం అని చెప్పినవాళ్ళను అంతకుముందు అర్ధశతాబ్దం పాటు ఎవరూ ఆ మాట నేరుగా అడగనే లేదు.

అడిగిన సమయం కూడా మామూలుది కాదు. 2000లో నీటి ప్రైవేటీకరణ మీద కోచబాంబా తిరగబడింది. అదే ఏడాది అయ్‌మారా రైతులు లా పాజ్‌కు దారులన్నీ మూసేశారు. నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఎల్ ఆల్టో నగరంలో నాలుగింట మూడొంతుల మంది 2001లో అయ్‌మారాలమని రాయించుకున్నారు. రెండేళ్ళకు అదే నగరం సహజవాయువు ఎగుమతి మీద పోరాడి అధ్యక్షుడు గొన్సాలో సాంచెస్ దె లొసాదాను గద్దె దింపింది. ఆ రోజుల్లో ‘నేను అయ్‌మారాను’ అనడమంటే పాలకులకు ఎదురు నిలబడటం. 2012 నాటికి పాలకుడే అయ్‌మారా. ఎవో మొరాలెస్ 2005 చివర్లో 54 శాతం ఓట్లతో గెలిచి ఆరేళ్ళకు పైగా ఏలుతున్నాడు. ఇప్పుడు అదే మాట ప్రభుత్వ ముద్ర ఉన్న మాట. పైగా 2011లో తిప్నిస్ అనే అభయారణ్యం గుండా రోడ్డు వేయబోయి, వద్దని పాదయాత్ర చేసిన అడవి ప్రజల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. మూలవాసుల ప్రభుత్వమే మూలవాసులను కొట్టిందన్న మాట నిలిచిపోయింది. గుర్తింపు అన్నది ఎదురుతిరగడానికి పనికొచ్చినంతగా జేజేలు కొట్టడానికి పనికిరాదేమో.

డబ్బు సంగతి కూడా చూడాలి. 1994 నుంచి బొలీవియాలో మున్సిపాలిటీలకు జాతీయ పన్నుల్లో వాటా తలల లెక్కన వస్తుంది. అందుకే జనాభా లెక్కల రోజు ముందు పట్నాల బస్టాండ్లు పొర్లిపోతాయి. సొంతూరికి వెళ్ళి లెక్కలో పడకపోతే జరిమానా తప్పదని, భూమి మీద హక్కు పోతుందని పల్లె సంఘాలు హెచ్చరిస్తాయి. లెక్కల రోజున దేశమంతా ఇల్లు కదలకూడదు, వాహనాలు తిరగవు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే, దానికోసం ఊళ్ళకు తరలిన జనం గుర్తున్నవారికి ఈ దృశ్యం కొత్తగా ఉండదు. అయితే ఈ ఆరాటమంతా ఎక్కడ ఉన్నారన్న లెక్క కోసం. ఎవరన్న లెక్కకు అలాంటి లాభనష్టాలు అంటుకుని లేవు. పార్లమెంటు దిగువసభలోని 130 స్థానాల్లో మూలవాసులకు ప్రత్యేకించినవి ఏడు. అవి కూడా సంఖ్యలో అల్పులైన ప్రజలకే. లక్షల్లో ఉన్న కెచువా మనిషి అవునన్నా కాదన్నా తన సీటు మారదు.

ఆ చిన్న ప్రజల దగ్గర మాత్రం ప్రతి తలా విలువైనదే. రాజ్యాంగం స్పానిష్‌తో పాటు 36 మూలవాసీ భాషలను అధికార భాషలుగా ప్రకటించింది. వాటిలో చాలావరకు తూర్పు పల్లపు ప్రాంతాలవి, కొన్నింటిని మాట్లాడేవారు కొన్ని వందల మందే. ఎప్పుడో మాట్లాడేవారు లేకుండాపోయిన పుకీనా కూడా ఆ జాబితాలో ఉంది. లెక్కల్లో ఒక్కరూ లేకపోయినా రాజ్యాంగంలో ఉన్న భాష అది. దానికి తలకిందులుగా ఆఫ్రో బొలీవియన్లు. పొటోసీకీ తర్వాత యుంగాస్ లోయల కోకా తోటలకూ బానిసలుగా తెచ్చినవారి వారసులు. శతాబ్దాలుగా ఉన్నా, తాము ఆఫ్రో బొలీవియన్లమని తామే చెప్పుకునే చోటు జాతీయ లెక్కల్లో దొరికింది 2012లోనే. వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు అయ్‌మారా స్త్రీల్లాగే కుచ్చిళ్ళ పావడా కట్టి రెండు జడలు వేసుకుంటారు. మురురాతా గ్రామంలో చిన్న దుకాణం నడుపుకునే హూలియో పినేదోను తమ రాజుగా భావిస్తారు. 2007లో ఆ రాజరికానికి లా పాజ్ ప్రాంతీయ ప్రభుత్వం గుర్తింపు కూడా ఇచ్చింది. ఇక తూర్పున శాంటా క్రూజ్ ప్రాంతపు మైదానాల్లో గుర్రబ్బండ్ల మీద తిరిగే మెనోనైట్ క్రైస్తవులున్నారు, ఒకినావా నుంచి వచ్చి అదే పేరుతో ఊరు కట్టుకున్న జపాన్ సంతతి ఉంది. మెనోనైట్లూ, జపాన్ సంతతివారూ ఆ ప్రశ్నకు ‘కాదు’ అన్న గుంపులోనే పడతారు. అంటే ఆ 59 శాతం ఒక జాతి కాదు, తెల్లవారు అంతకన్నా కాదు.

తరువాతి లెక్కలు 2024 మార్చి 23న జరిగాయి. దానికి ముందు, 2022లో, లెక్కలు త్వరగా జరపాలంటూ శాంటా క్రూజ్ 36 రోజుల పాటు బంద్ పాటించింది. ఆ గొడవంతా సీట్లు, నిధుల కోసమే. వాళ్ళ అంచనా తప్పలేదు. జనాభాలో లా పాజ్ ప్రాంతాన్ని దాటి శాంటా క్రూజ్ ప్రాంతం మొదటి స్థానానికి వచ్చింది. మూలవాసులమన్నవారు మళ్ళీ 40 శాతానికి కాస్త దిగువనే తేలారు. రెండోసారీ సంఖ్య అక్కడక్కడే ఆగడం చూస్తే, 2012ది ఒక్క ప్రశ్నాపత్రం చేసిన పొరపాటు అని కొట్టిపారేయడానికి లేదు. పట్నానికి వచ్చిన తరం పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మూడింట రెండు వంతుల దేశం ఇప్పుడు పట్నాల్లోనే ఉంది.

ఒక చిన్న వివరం మాత్రం ఈ అంకెల్లో ఎక్కడా కనిపించదు. లెక్కలకు వచ్చిన విద్యార్థి సాధారణంగా ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి అడగడు. తలుపు తీసినవారినే అందరి గురించి అడిగి రాసుకుంటాడు. ఎల్ ఆల్టోలో అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. అవ్వ పావడా కట్టుకుని, నెత్తిన గుండ్రని టోపీ పెట్టుకుని సంతకు వెళ్ళే మనిషి. అయ్‌మారాలోనే పోట్లాడుతుంది. కూతురికి ఆ భాష అర్థమవుతుంది, జవాబు స్పానిష్‌లో చెబుతుంది. మనవరాలు జీన్సు వేసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్తుంది. ఆమెకు తిట్లూ, పాటలూ తప్ప అయ్‌మారా రాదు. ఉదయం తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. అవ్వ వెళ్ళి తీస్తే ఆ ఇంట్లో ముగ్గురు అయ్‌మారాలు. అవ్వ పెరట్లో ఉండి మనవరాలు తీస్తే, బహుశా ఒక్కరూ ఉండరు.